గేదె బెదరని తీగబండి: మా గెడ్డ మీద ట్రాలీ కట్టిన డైరీ

మాది అనకాపల్లి జిల్లా మాడుగుల వైపు, కొండ దిగువ పల్లె. ఇల్లు, పశువుల సాల, జీడితోట గెడ్డకి, అంటే కొండవాగుకి, కొండవైపు ఉన్నాయి. రోడ్డు, పాల కేంద్రం, బడి అవతలి గట్టున. వేసవిలో గెడ్డలో చీలమండ కూడా తడవదు. కొండ మీద గంటసేపు గట్టిగా వాన పడితే మాత్రం, ఇక్కడ చినుకు లేకపోయినా ఎర్రనీళ్లు గట్టంచు దాకా వచ్చేస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా తాటి దూలాల వంతెన కొట్టుకుపోయింది. అప్పటినుంచి నీళ్లు తక్కువుంటే రాళ్ల మీద అడుగులేసుకుంటూ దాటేవాళ్లం, ఎక్కువుంటే దిగువన కల్వర్టు దాకా మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్లేవాళ్లం. పాలబండి తెల్లవారి ఐదున్నరకి వస్తుంది, ఎవరికోసమూ ఆగదు.

2024 సెప్టెంబరులో నాన్న పాలక్యానుతో సహా నాచుపట్టిన రాయి మీద జారారు. మణికట్టు విరిగింది. ఆయన నీళ్లలోంచి లేస్తూ ముందు క్యాను ఎటు పోయిందని చూశారు, తర్వాత చెయ్యి చూసుకున్నారు. గెడ్డకి అడ్డంగా ఇనుప తాడు కట్టి, దాని మీద చక్రాలతో నడిచే తట్ట, అంటే ట్రాలీ, వేలాడదీయాలని, సంక్రాంతి వెళ్లాక పని మొదలుపెట్టాలని ఆ రోజే అనుకున్నాను.

2025 జనవరి 19

మా బావ విశాఖలో క్రేన్ల మరమ్మతు పని చేస్తాడు. ఇనుప తాళ్లతో ఇరవై ఏళ్ల పరిచయం. పండక్కి వచ్చినవాణ్ణి ఉంచేశాను. ఇద్దరం గట్టు పొడవునా నడిచి చోటు చూశాం.

సాలకి ఎదురుగా గెడ్డ ఇరుకు, కానీ అక్కడికి దగ్గర్లోనే 11 కేవీ లైను దాటుతోంది. బావ అక్కడ నిలబడనే లేదు. తాడు ఎప్పుడైనా తెగితే కొరడాలా లేస్తుంది, కరెంటు తీగ దరిదాపుల్లో ఉండకూడదన్నాడు. ఎగువకి నలభై అడుగులు జరిగాం. అక్కడ మద్దిచెట్టు మొదట్లో పెద్దనీళ్లు వచ్చినప్పుడు చిక్కుకున్న రెల్లు, చెత్త ఇంకా ఉన్నాయి. ఆ గుర్తే మాకు వరద మట్టం. బరువుతో వంగినా తట్ట అడుగు దానికి మీటరున్నర పైనే ఉండాలని గీత గీసుకున్నాం. స్తంభానికీ స్తంభానికీ మధ్య 32 మీటర్లు వచ్చింది.

వేలాడే వంతెన ఆలోచన కూడా వచ్చింది. కర్ణాటకలో సుళ్యకి చెందిన గిరీశ్ భరద్వాజ్ గారు మారుమూల పల్లెలకి అలాంటి కాలివంతెనలు కట్టి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. నాకు ఆయన పని అంటే చాలా గౌరవం. కానీ మా వైపు ఉన్నవి నాలుగే ఇళ్లు, వంతెన ఖర్చు మా నలుగురూ మోయలేం. పంచాయతీలో చెప్పి, గెడ్డ పోరంబోకు హద్దు చూపించుకుని, ట్రాలీకే సిద్ధమయ్యాం.

జనవరి 21

రాత్రి భోజనాల దగ్గర తాడు బిగింపు మీద వాదన. నాన్న అన్నారు: "దండెం లాగ బిర్రుగా లాగి కట్టండిరా, లేపోతే మధ్యలో నీళ్లు తాకుతాది."

బావ కంచం పక్కన పెట్టి, "మామయ్యా, బిర్రుగా కట్టిన దండెం మీద తడి దుప్పటి ఆరేస్తే ఏటవుతాది?" అన్నాడు.

"మేకు ఊడిపోతాది."

"అదే."

కాగితం మీద లెక్క ఇలా వచ్చింది. ట్రాలీ 30 కిలోలు, మనిషో సరుకో 120 కిలోలు, మొత్తం 150. 32 మీటర్ల తాడు మధ్యలో ఈ బరువు వేలాడినప్పుడు 1.6 మీటర్లు కిందికి వంగనిస్తే, తాడు మీద పడే లాగుడు బరువుని పొడవుతో హెచ్చవేసి, వంపుకి నాలుగింతలతో భాగిస్తే వస్తుంది. 750 కిలోలు. తాడు సొంత బరువు లాగుడు ఇంకో 40 చిల్లర. అంటే 800 అనుకోవచ్చు. అదే తాడుని బిర్రుగా బిగించి 80 సెంటీమీటర్లే వంగనిస్తే 1,600 కిలోలు. బరువు అదే, మనిషి అదే, స్తంభాలకీ, తాడు చివర్లని నేలలో పట్టి ఉంచే పాతులకీ మాత్రం రెట్టింపు శిక్ష. నాన్న కాగితం తీసుకుని రెండుసార్లు చూసి, "అయితే స్తంభాలు ఎత్తు చెయ్యండి" అన్నారు. అది సరైన మాట. వంపుకి చోటు కావాలంటే స్తంభమే లేవాలి.

తాడు 12 మిల్లీమీటర్లది, 6×19 రకం, అంటే ఆరు పేటలు, పేటకి పందొమ్మిది తీగలు. తెగడానికి దాదాపు ఏడున్నర, ఎనిమిది టన్నులు కావాలి. చివర్లలో క్లిప్పులు బిగించిన చోట బలం ఐదో వంతు తగ్గుతుందని లెక్కేసుకున్నా మాకు ఏడు రెట్లకు పైగా మిగులుతోంది. మనిషి ఎక్కే బండికి అంత ఉండాల్సిందే.

జనవరి 26 – ఫిబ్రవరి 1

వారమంతా గునపం, పార. రెండు గట్ల మీదా స్తంభానికి ఐదు మీటర్ల వెనక ఒక్కో గొయ్యి: మీటరున్నర పొడవు, మీటరున్నర లోతు, రెండడుగుల వెడల్పు. అడుగున పాత రైలుపట్టా ముక్క అడ్డంగా పడుకోబెట్టి, దానికి ఇనుప కడ్డీ కొక్కెం తగిలించి పైకి తెచ్చి, పెద్ద రాళ్లతో, మట్టితో పొరలు పొరలుగా దిమ్మిస కొట్టాం. వెనక తాడు ఏటవాలుగా దిగుతుంది కాబట్టి 800 కిలోల లాగుడులో నాలుగు వందల దాకా ఆ పట్టాని పైకి పీకే బలం. దాని మీదున్న మట్టి రెండు టన్నుల పైనే ఉంటుంది. చెట్టుకి కట్టేస్తే ఈ శ్రమంతా ఉండేది కాదు గానీ, మద్దిచెట్టు బెరడు కోసుకుపోతుంది, గాలికి చెట్టు ఊగినప్పుడల్లా తాడూ ఊగుతుంది.

స్తంభాలు నాలుగంగుళాల జీఐ పైపుతో ఏ-ఫ్రేములు. మా గట్టు రెండడుగులు ఎత్తు కాబట్టి మా ఫ్రేము 2.6 మీటర్లు, అవతలిది 3.2. రెండు తలలూ ఒకే మట్టానికి వచ్చాయా అని మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబులు రెండు అతికించి గెడ్డకి అడ్డంగా పట్టి చూశాం. బుడగ పోయేదాకా ఆగడానికే అరగంట పట్టింది.

ఫిబ్రవరి 2

తాడు ఎక్కించాం. బావ ఒక్క విషయంలో ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు: క్లిప్పులు. తింబుల్ (మెలికలో తాడు నలగకుండా పెట్టే ఇనుప గాడి) చుట్టూ తాడు తిప్పి, ఒక్కో చివరికి నాలుగేసి క్లిప్పులు, మధ్యలో మూడంగుళాల ఎడం. బరువు మోసే తాడు వైపు క్లిప్పు పీట కూర్చోవాలి, ఊరికే మిగిలిన కొస వైపు యూ బోల్టు పడాలి. తిరగేస్తే యూ బోల్టు మోసే తాడునే నలిపేస్తుంది. నేను బిగించిన వాటిలో ఒకటి తిరగబడింది. అతను మాట్లాడకుండా విప్పి, నా చేతికే స్పానర్ ఇచ్చి మళ్లీ బిగించమన్నాడు.

చైన్ బ్లాకుతో, అంటే గొలుసు కప్పీతో, లాగాం. ఎంత లాగాలో చూడ్డానికి లైన్‌మెన్లు చేసే పద్ధతి: రెండు స్తంభాల మీదా తల నుంచి 1.1 మీటర్ల కింద సున్నంతో గీత. ఒక గీత దగ్గర కన్ను పెట్టి అవతలి గీతని చూడాలి. తాడు పొట్ట ఆ చూపుకి తగిలితే సరి. ఖాళీగా 1.1 ఉంటే, బరువెక్కాక తాడు సాగి 1.6 దగ్గర ఆగుతుంది.

సాయంత్రం 40 కిలోల ఇసుక సంచులు ఆరు మధ్యలో వేలాడదీసి రాత్రంతా వదిలేశాం.

ఫిబ్రవరి 3

సంచులు దింపి చూస్తే వంపు 1.1 నుంచి 1.35కి దిగింది. గుండె జారింది. పాతు కదిలిందేమోనని పరిగెత్తాను. కదల్లేదు. కొత్త ఇనుప తాడు మొదటి బరువుకి లోపల పేటలు సర్దుకుని శాశ్వతంగా కొంత సాగుతుందట. లెక్కేస్తే సాగింది ఐదు సెంటీమీటర్లే. దానికి వంపు మాత్రం పాతిక సెంటీమీటర్లు దిగింది. టర్న్ బకిల్ (తాడుని బిగించే మర) తిప్పి మళ్లీ గీతకి తెచ్చాం. క్లిప్పుల నట్లు కూడా అర చుట్టు చొప్పున వదులయ్యాయి, ఎందుకంటే బరువుకి తాడు సన్నబడుతుంది. అన్నీ మళ్లీ బిగించాం.

ఫిబ్రవరి 9

మొదటి ప్రయాణం. చక్రాలుగా మా పాత బావి గిలకలు రెండు వేశాను. పోత ఇనుము, తాతగారి కాలం నాటివి, బలానికి తిరుగులేదు. కింద ఇనుప పట్టీల తట్ట, అందులో రెండు పాలక్యాన్ల నిండా నీళ్లు. అవతలి నుంచి బావ తాడు లాగాడు. 32 మీటర్లు దాటింది. నాన్న కండువా తీసి తుడుచుకున్నారు, ముఖమో కళ్లో నేను చూడలేదు.

ఫిబ్రవరి 10

పొద్దున్న నాలుగున్నర. అమ్మ మా గేదె గౌరి దగ్గర పాలు పిండడానికి కూర్చుంది. దూడని వదిలి, గుడిపి, పక్కకి కట్టింది. నేను ముందు తీసిన క్యాను తట్టలో పెట్టి పంపించాను. గిలకలు తాడు మీద కీచుమని అరిచాయి. చీకట్లో ఆ చప్పుడు కొండకి కొట్టుకుని తిరిగొచ్చింది. గౌరి చెవులు రిక్కించి, వెనక్కి జరిగి, తన్నింది.

"ఏటిరా ఆ సప్పుడు? గేదె సేపలేదు."

తర్వాత ఎంత నిమిరినా, దాణా పెట్టినా, దూడని మళ్లీ వదిలినా చేపలేదు, అంటే పొదుగులోకి పాలు దింపలేదు. రోజూ ఐదు లీటర్లిచ్చేది లీటరున్నర ఇచ్చింది. గేదె పొదుగులో పిండగానే వచ్చేలా విడిగా నిలిచి ఉండే పాలు చాలా కొద్ది. మిగతావన్నీ చేపితేనే దిగుతాయి. బెదిరినప్పుడు ఒంట్లో ఊరే రసం ఆ చేపుని అక్కడికక్కడే ఆపేస్తుంది. ఆ తరుణం దాటితే ఆ పూటకి అంతే.

అమ్మ ఖాళీ బకెట్టు నా ముందు పెట్టి వెళ్లింది. తిట్టలేదు. పాలు దాటించడానికి కట్టిన బండి పాలే లేకుండా చేస్తే దానికి అర్థం లేదు. ఆ రోజు నుంచి ఈ డైరీలో రాసుకున్నదంతా చప్పుడు గురించే.

ఫిబ్రవరి 16

తట్టలో నేనే కూర్చుని, కళ్లు మూసుకుని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఆరుసార్లు తిరిగాను. నడుముకి బెల్టు, బెల్టు నుంచి తాడు మీదికి విడిగా ఒక ఉచ్చు. చక్రం పట్టాలు తప్పినా మనిషి వేలాడతాడు గానీ పడడు. బావ ముందే ఇంకో హెచ్చరిక చేశాడు: నేపాల్ కొండల్లో నదుల మీద ఇలాంటివే తుయిన్‌లు ఉండేవి, ఇనుప తాడుని చేత్తో పట్టుకుని లాగబోయి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. అందుకే చక్రాల ముందూ వెనకా రేకు కప్పులు వేశాం. చెయ్యి పెడదామన్నా దూరదు.

విన్నవి రాసుకున్నాను. కీచు: గిలక ఇరుసు బుష్షులో రాసుకుంటోంది. జుర్రు: చక్రం తాడు మీద దొర్లేటప్పుడు. టంగు టంగు: ఎక్కడినుంచో తెలీలేదు. గుయ్యి: మా గట్టు స్తంభం. ఈ నాలుగూ కలిసి దూరానికి ఒక్క అరుపులా వినిపిస్తాయి. దగ్గర కూర్చుంటే ఒక్కోటీ వేరు.

ఫిబ్రవరి 23 – మార్చి 9

కీచుకి మందు సులువు. చోడవరం లేతు మేస్త్రి దగ్గర ఆరంగుళాల నైలాను కడ్డీ కోయించి రెండు చక్రాలు తిప్పించాను. లోపల 6204 బేరింగులు, రెండువైపులా రబ్బరు మూత ఉన్న టూఆర్‌ఎస్ రకం. మేస్త్రి గాడి సరిగ్గా 12 మిల్లీమీటర్లకి తీయబోతే ఆపి 13కి తీయించాను. గాడి ఇరుకైతే తాడుని రెండు బుగ్గలూ నొక్కుతాయి, మళ్లీ రాపిడి, మళ్లీ అరుపు. మరీ వెడల్పైతే తాడు ఒక్క గీత మీదే ఆని అక్కడే అరుగుతుంది.

బిగించి తోశాను. కీచు పోయింది. జుర్రు మిగిలింది, కీచు లేకపోయేసరికి ఇంకా స్పష్టంగా వినబడింది.

దీని మీద నేను చాలా రోజులు గడిపాను, ఎందుకంటే అరిగిన భాగం ఏదీ లేదు. తాడు దగ్గర కన్ను పెట్టి చూస్తే తెలిసింది. ఆరు పేటలు మెలి తిరిగి ఉంటాయి. ఒక్క పేట పూర్తి చుట్టు తిరిగి మళ్లీ పైకి రావడానికి మా తాడులో 75 మిల్లీమీటర్లు. ఆరు పేటలు కాబట్టి పన్నెండున్నర మిల్లీమీటర్లకో గుబ్బ. ట్రాలీ సెకనుకి మీటరు నడిస్తే చక్రం సెకనుకి 80 గుబ్బలెక్కి దిగుతుంది. ఆ జుర్రు అదే. తాడు నున్నగా కనబడుతుంది గానీ, చక్రానికి అది గతుకుల రోడ్డు.

రెండు చక్రాల మధ్య దూరం 300 మిల్లీమీటర్లు పెట్టాను, అంటే సరిగ్గా 24 గుబ్బలు. రెండు చక్రాలూ ఒకేసారి గుబ్బ ఎక్కుతున్నాయి, ఒకేసారి దిగుతున్నాయి. ఒక ఇరుసు బెజ్జాన్ని ఆకురాయితో సాగదీసి ఆరు మిల్లీమీటర్లు జరిపాను. ఇప్పుడు ఒకటి ఎక్కేటప్పుడు ఇంకోటి దిగుతుంది. నడిమి కొక్కెం దగ్గర అదురు తగ్గినట్టు చేతికి తెలిసింది. మిగతా అదురు తట్టలోకి దిగకుండా కొక్కానికీ తట్టకీ మధ్య ట్రాక్టరు ఇంజను కింద వేసే రబ్బరు దిమ్మ ఒకటి పెట్టాను.

టంగు టంగు మాత్రం బండిలోనిదే కాదు. పాలక్యాను పిడి! తట్ట ఊగినప్పుడల్లా పిడి క్యాను మెడకి తగిలి మోగుతోంది. పాత సైకిలు ట్యూబు కోసి పిడికి చుట్టాను. పది రూపాయల పని. మొత్తం చప్పుడులో గేదె ఎక్కువ బెదిరింది బహుశా దీనికే.

మార్చి 16

లాగుడు తాడు సంగతి. మొదట నీలం ప్లాస్టిక్ తాడు కొన్నాను. గిలక మీద కిర్రుమంటుంది, ఎండకి నెల తిరక్కుండా పీచు లేచింది. అది తీసేసి పాలిస్టర్ తాడు వేశాను, 10 మిల్లీమీటర్లది. చివర్ల కప్పీలకి బదులు పాత సైకిళ్ల ముందు చక్రాలు రెండు, టైరు తీసేసి. రిమ్ము గాడిలో తాడు చక్కగా కూర్చుంటుంది, జారకుండా లోపల ట్యూబు ముక్క అతికించాను. వెనక చక్రం వాడకూడదు, ఫ్రీవీలు టిక్‌టిక్‌మంటుంది. పెద్ద చక్రం కాబట్టి తాడు మెల్లగా వంగుతుంది, ఊపిరంత చప్పుడు కూడా రాదు. ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఇది.

చివరి రెండు మీటర్లు ట్రాలీ బాగా పైకి ఎక్కుతుంది, అక్కడ ఒళ్లు వంచి లాగాల్సిందే. ఆగే చోట ఇనుముకి ఇనుము తగలకుండా స్కూటరు టైరు ముక్క కట్టాం.

మార్చి 23

గుయ్యి. స్తంభం మీద చెవి ఆన్చి, అవతల ఎవరైనా తాడుని గోటితో మీటితే, ఇక్కడ తంబురాలా వినిపిస్తుంది. బోలు పైపు కదా. తలమూత తీసి, గెడ్డ ఇసుక పెనం మీద వేయించి తేమ పోగొట్టి, గరాటుతో పైపు నిండా పోశాను. ఇసుక రేణువులు ఒకదానికొకటి రాసుకుంటూ అదురుని మింగేస్తాయి. తడి ఇసుక పోస్తే లోపల్నుంచి తుప్పు.

తాడు ఆనే తలకట్టు దగ్గర ఇనుప గాడి తీసేసి, తుమ్మ దిమ్మలో గాడి తొలిచి, కింద కన్వేయరు బెల్టు ముక్క వేశాం. ఇప్పుడు స్తంభాన్ని గుద్దితే గుద్దిన చప్పుడే.

మార్చి 30, ఉగాది

తెల్లవారి నాలుగున్నర. అమ్మకి చెప్పకుండా, ఆమె గౌరి కింద బకెట్టు పెట్టిన నిమిషానికి ట్రాలీ వదిలాను. సాల గుమ్మంలో నిలబడ్డాను. బకెట్టులో ధార చప్పుడు ఆగలేదు. మొదట రేకు మీద పడే సన్నటి మోత, తర్వాత నురగలో పడే మెత్తటి మోత. గౌరి ఒక చెవి గెడ్డ వైపు తిప్పింది, మళ్లీ దాణాలో మూతి పెట్టింది.

ఐదు లీటర్లు. అమ్మ లేచి, "ఇంకా పంపించలేదేటి?" అంది. క్యాను అప్పటికే రోడ్డు పక్కన ఉంది.

జూన్ 22

దాదాపు మూడు నెలలు రాయడానికేమీ లేదు, నడిచింది. వానాకాలం గాలులు రాగానే కొత్త చప్పుడు: ట్రాలీ కదలకపోయినా తాడు దానంతటదే మూలుగుతోంది. గాలి తాడుని దాటేటప్పుడు పైనొకటి కిందొకటి సుడులు విడుస్తుంది. ఈ మందం తాడుకి సెకనుకి మూడు మీటర్ల చిరుగాలికే సెకనుకి 50 సార్లు. పెద్ద కరెంటు లైన్ల మీద టవరు పక్కన చిన్న డంబెల్స్ లాంటివి వేలాడుతుంటాయి కదా, అవి ఈ అదురు కోసమే. మేం టైరు ఆపుకీ స్తంభానికీ మధ్య, ట్రాలీ రాని మేర, ఇసుక నింపిన రబ్బరు గొట్టం ముక్కలు రెండేసి కట్టాం. మూలుగు పూర్తిగా పోలేదు, సాల దాకా మాత్రం రావట్లేదు.

జులై 20

ముసురు మొదలైన వారానికి టిక్, టిక్. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకటి. విప్పి చూస్తే బేరింగు నైలాను గూడులో వేలితో తోస్తే కదులుతోంది. ఎండాకాలంలో దిమ్మిస కొట్టి దించిన బేరింగు! నైలాను నీరు పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బితే బెజ్జం బిగుసుకుంటుందనుకుంటాం గానీ, మొత్తం చక్రంతో పాటు బెజ్జమూ పెరుగుతుంది. ఇది నాకు ముందు తెలియాల్సిన విషయం. తెలియక రెండు చక్రాలు పాడుచేశాను. మేస్త్రి ఈసారి ఇనుప బుష్షులో బేరింగు దించి, బుష్షు అంచుకి నైలాను చక్రాన్ని ఆరు బోల్టులతో పట్టించాడు. నైలాను ఎంత ఉబ్బినా బేరింగుకి సంబంధం లేదు.

టిక్కుమనకపోయి ఉంటే నేను విప్పేవాణ్ణి కాదు. పాత గిలకల మోతలో అది వినబడేదీ కాదు.

ఆగస్టు 17

గెడ్డ ఎర్రగా వచ్చింది. మూడు రోజులు. దుంగలు కొట్టుకొస్తుంటే మనుషులెవరూ ఎక్కకూడదని ముందే నియమం పెట్టుకున్నాం. పాలు మాత్రం మూడు రోజులూ దాటాయి. అవతల నాన్న లాగుతున్నారు, ఇవతల నేను వదులుతున్నాను. నీళ్ల హోరులో ఒకరి మాట ఒకరికి వినబడదు కాబట్టి టార్చి వెలుగే మాట: ఒకసారి వెలిగితే లాగు, రెండుసార్లు వెలిగితే ఆపు.

ఆగస్టు 24

నీళ్లు తగ్గాక అమ్మ మొదటిసారి ఎక్కింది. మోకాళ్ల నొప్పితో రాళ్ల మీద దాటలేక ఏడాదిన్నరగా అవతల గుడికి పోలేదు. బెల్టు నేనే కట్టాను. మధ్యకి వెళ్లేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భయపడిందనుకుని ఆపబోయాను. "ఆపకు, కింద సేపలు కనబడతన్నాయి" అంది.

సెప్టెంబరు 7

ఒక దెబ్బ. నాన్న అవతలి గట్టున రోడ్డు వైపు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నారు. నేను తవుడు బస్తా కోసం ట్రాలీ పంపమన్నారనుకుని ఖాళీగా వదిలాను. వెనక నుంచి వచ్చి భుజానికి తగిలింది. వాపు వచ్చింది, ఎముకకేమీ కాలేదు. ఆయన కోప్పడలేదు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాత గిలకలైతే కోసు దూరం నుంచి తెలిసేది.

రెండు మార్పులు చేశాను. రెండు గట్ల దగ్గరా పిన్ను: అవతలివాళ్లు పిన్ను తీసి టార్చి చూపిస్తేనే ట్రాలీ కదలాలి. రెండోది గంట. గౌరి తల్లి మెడలో ఉండే చిన్న కంచు గంట సాల దూలానికి వేలాడుతోంది, దాన్ని తెచ్చి తట్టకి కట్టాను. గౌరికి ఆ చప్పుడు దూడప్పటినుంచి అలవాటే. మర్నాడు పొద్దున్న గంట మోగుతుండగానే పాలు పిండింది అమ్మ. ఐదు లీటర్లకి గ్లాసు ఎక్కువే.

సెప్టెంబరు 14

ఇప్పటిదాకా ఖర్చు తాడు, పైపులు, లేతు పని, పాడైన చక్రాలతో కలిపి 34 వేలు. నాలుగిళ్లూ పంచుకున్నాం. రెండో ఇంటివాళ్లు జీడిగింజల బస్తాలు దీని మీదే దాటించారు.

చెయ్యాల్సినవి: నెలకోసారి తాడు పొడవునా పాత గుడ్డతో తుడుస్తూ వెళ్లాలి. పేట తెగి లేచిన తీగ ఉంటే గుడ్డ పట్టుకుంటుంది, చెయ్యి పెట్టక్కర్లేదు. పలచగా నూనె రాయాలి, పాలక్యాన్ల మీద కారేంత కాదు. క్లిప్పుల దగ్గర తుప్పు చూడాలి. అక్టోబరు తుపాన్ల లోపు వంపు మళ్లీ గీతకి సరిచూడాలి. ఇవతలి గట్టు దిగువన గెడ్డ కోస్తోంది, పాతుకి ఇంకా నాలుగు మీటర్ల దూరముంది, అక్కడ రాళ్ల కట్ట పెట్టాలి. బావ దసరాకి వస్తానన్నాడు.